అప్‌డేట్: ఏ మందుకూ తగ్గని మైగ్రేన్, చివరికి కారణం తెలిసింది

మూడు రకాల మందులు మార్చినా నెలలో 20 రోజులకు పైగా తలనొప్పి వదలట్లేదని ఫిబ్రవరిలో అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. వేసుకున్న ప్రతి మాత్రా రాసిపెట్టుకోమన్నవారికి మరీ మరీ. దారి చూపింది అదే.

వంటింటి క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. నెలాఖరుకి 22 సున్నాలు. న్యూరాలజిస్ట్ ఆ కాగితం చూసి, మైగ్రేన్‌కి తోడు నొప్పి మాత్రలు ఎక్కువవడం వల్ల వచ్చే తలనొప్పి కూడా ఉందన్నారు. పారాసిటమాల్ లాంటివి నెలకు 15 రోజులు లేదా ఇంకా ఎక్కువ, ట్రిప్టాన్లు (మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ప్రత్యేక మాత్రలు) 10 రోజులు లేదా ఇంకా ఎక్కువ, ఇలా మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే నొప్పిని తెచ్చిపెడతాయట.

నాకు ఒక్కసారిగా ఆపించారు. మీరు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఆపకండి, కొన్ని మందులు మెల్లగా తగ్గించాలి. మొదటి వారం నరకం. వాంతులు, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకోవడమే. పిల్లాడిని అమ్మే చూసుకుంది. తొమ్మిదో రోజు పొద్దున కుక్కర్ విజిల్ వినిపించినా తల పగల్లేదు. మంచం మీదే ఏడ్చేశాను.

అంతకుముందు పనిచేయలేదని మానేసిన ప్రొప్రనలాల్‌నే (మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మందు) మళ్లీ ఇచ్చారు, ఈసారి పట్టింది. ఆస్తమా ఉంటే అది పడదు, ముందే చెప్పండి. ఇప్పుడు నెలకు నాలుగైదు రోజులే నొప్పి.

సైనస్ ఎక్స్‌రే, కొత్త కళ్లద్దాలు, ఎంఆర్ఐ... నా విషయంలో వీటితో ఏమీ తేలలేదు.