చదరంగం గింజల లెక్క: 18446744073709551615 కారణాంకాలు ఎలా?

పెన్సిల్‌ముక్క: చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని అడిగిన కథలోలా, 64 గళ్లలో ఒక గింజతో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చే మొత్తం ఇది. మావాడికి దీని కారణాంకాలు కావాలట. చివర 5 ఉంది, అంకెల మొత్తం 87, కాబట్టి 5తో, 3తో పోతుంది. ఆ తర్వాత? ఎక్సెల్‌లో కొడితే చివరంతా సున్నాలే. మొత్తం భాజకాలు ఎన్నో కూడా చెప్పండి.

కోడ్‌కూలీ: ఎక్సెల్ 15 అంకెలు దాటితే చేతులెత్తేస్తుంది. జావాస్క్రిప్ట్ అయితే 18446744073709552000 అంటుంది. ఈ సంఖ్య చూస్తేనే నాకు ఒళ్లు మంట. 64 బిట్లలో పట్టే గరిష్ఠం ఇదే, ఆ బిట్లనే సైన్‌తో, అంటే మైనస్ సంఖ్యలకీ చోటిచ్చే పద్ధతిలో, చదివితే −1. పాత ఆఫీసులో ఎవరో "స్టాక్ తెలీదు" అనడానికి −1 పెట్టారు. రిపోర్టులో మాత్రం గోడౌన్‌లో ఈ ఇరవై అంకెల సరుకు! నా పండగ సెలవు గంగలో కలిసింది.

వరిచేను: సరుకంటే గుర్తొచ్చింది. గింజ 25 మిల్లీగ్రాములు వేసుకుంటే 46 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైమాట. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల పంట.

బాపట్ల బాబు: 25 ఏ బియ్యమండీ? మన బీపీటీ 5204, అదే సాంబమసూరి, వెయ్యి గింజలు తూస్తే 15 గ్రాముల దగ్గరే ఆగుతాయి.

వరిచేను: రాజుగారు ఇచ్చింది సాంబమసూరి అని మీకెవరు చెప్పారు? దొడ్డుబియ్యం తినేవాళ్లు మనుషులు కారా?

బాపట్ల బాబు: అది ముందే రాయాలి. పండించేవాడిని, నాకా గింజ బరువు చెప్పేది?

సున్నా: ఆ 15 గ్రాములు వడ్లకి. పొట్టు తీస్తే ఇంకా తగ్గుతుంది. ఇక ఆపండి ఇద్దరూ.

లెక్కల పంతులు: మిల్లు మూసి లెక్కలోకి రండి. ఇంతమందిలో ఒక్కరికీ వర్గాల భేదం సూత్రం తట్టలేదా! 2⁶⁴−1 = (2³²+1)(2³²−1). రెండోదాన్ని అలాగే విడగొడుతూ పోతే 3, 5, 17, 257, 65537 వస్తాయి. మిగిలింది 2³²+1, అంటే 4294967297. ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విరగ్గొట్టాడు. 641 అంటే 5×2⁷+1, అదే 5⁴+2⁴ కూడా. ఈ రెండూ పట్టుకుంటే భాగహారం చేయకుండానే 641తో పోతుందని తేలుతుంది. పిల్లాడితో చేయించండి.

సున్నా: ఇంత ప్రయాస ఎందుకు సార్, ఫోన్‌లో కొడితే క్షణంలో వస్తుంది.

లెక్కల పంతులు: పరీక్ష హాల్లోకి ఫోన్ రానిస్తారేమో కనుక్కోండి.

తాతగారి మనవరాలు: మాకిది పద్యంలోనే వచ్చు, అందులో ఒక్కో మాటా ఒక్కో అంకెకి గుర్తు. "శర శశి షట్క చంద్ర" అంటే 5, 1, 6, 1. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకి పేర్చుకుంటూ పోవాలి.

కోడ్‌కూలీ: అంటే లిటిల్ ఎండియన్, కంప్యూటర్లో చిన్న స్థానం వైపు నుంచి ముందు దాచే పద్ధతి!

తాతగారి మనవరాలు: అదేంటో నాకు తెలీదు. "రంధ్ర" దగ్గర సున్నా వేస్తే మాత్రం తాతయ్య చెవి మెలేసేవారు. ఒంట్లో నవరంధ్రాలు కదా, అక్కడ 9.

పెన్సిల్‌ముక్క: భాజకాలు ఎన్నో ఎవరూ చెప్పలేదు...

లెక్కల పంతులు: ఏడు ప్రధాన కారణాంకాలు, ఒక్కోటీ ఒక్కసారే. భాజకంలో ప్రతిదాన్నీ తీసుకోవచ్చు, వదిలేయొచ్చు, కాబట్టి 2⁷ = 128.

బాపట్ల బాబు: పొట్టు తీసిన గింజలు వెయ్యి లెక్కపెట్టి తూచాను. ఫొటో పెడుతున్నా, వరిచేను గారు ఎక్కడున్నా రావాలి.