పాత అంబాసిడర్‌కు ఇసుజు ఇంజను వేయించడం సబబేనా?

పర్లాకిమిడి వాసి:
మా నాన్నగారు వాడిన 1968 నాటి మార్క్ టూ అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించాలనుకుంటున్నాము. ఇంజను ఆయిల్ తాగుతోంది, సైలెన్సర్ నుండి నీలిపొగ వస్తోంది. పాత 1489 సీసీ ఇంజనును బాగుచేసే బదులు, తర్వాతి అంబాసిడర్లలో వచ్చిన 1800 సీసీ ఇసుజు ఇంజను వేయించమని మెకానిక్ అంటున్నారు. సభ్యుల అభిప్రాయం తెలుపగలరు.

రాయగడ సభ్యుడు:
మీ మెకానిక్ చెప్పినదే సరైనది. కారు నడిచినప్పుడే దానికి విలువ. కొరాపుట్ ఘాట్ రోడ్డులో నలుగురిని ఎక్కించుకుని పాత ఇంజనుతో ఎక్కడం ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఇసుజుకు ఐదు గేర్లున్నాయి, శక్తి కూడా ఎక్కువే.

జయపురం సభ్యుడు:
రాయగడ మిత్రులతో నేను ఏకీభవించలేను. ఇంజనుతో పాటు గేరుబాక్సూ మారుతుంది కనుక, స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్డు పోయి నేల మీదికి వస్తుంది; అంతటితో అది మార్క్ టూ కాకుండా పోతుంది. పైగా ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే కాబట్టి, శక్తి పెంచినవారు బ్రేకుల సంగతీ చూడక తప్పదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాన్నే వింటేజ్‌గా నమోదు చేస్తారు. ఇంజను మారిస్తే ఆ అర్హతను చేజేతులా వదులుకున్నట్లే. ఇనుప బ్లాకు గల ఈ ఇంజనును బోరింగ్ చేయించి (సిలిండర్ల లోపలి గోడలను కొద్దిగా చెక్కించి), ఓవర్‌సైజు పిస్టన్లు వేయించి, క్రాంకును (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసును) గ్రైండింగ్‌కు ఇస్తే అది మళ్లీ చక్కగా పనిచేస్తుంది. హెడ్డు (ఇంజను పైభాగం) విప్పినప్పుడే గట్టి వాల్వు సీట్లు (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) కూడా వేయించండి. 2000లో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయినందున, వాటిని కాపాడే సీసం లేక పాత సీట్లు త్వరగా అరిగిపోతాయి.

రాయగడ సభ్యుడు:
వాల్వు సీట్లు మార్చడం మార్పు కాదా? అదీగాక వింటేజ్‌గా నమోదైన కారును రోజువారీ తిరగడానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయగలిగే కారు ఒక కుటుంబానికి ఏమి ఉపయోగం?

జయపురం సభ్యుడు:
రోజువారీ వాడకం గురించి మీరన్నది నిజమే. తిరగడమే ముఖ్యమైతే వింటేజ్ నమోదు జోలికి పోకుండా మామూలు ఆర్‌సీనే కొనసాగించుకోవచ్చు. వాల్వు సీట్ల విషయం మాత్రం వేరు. అరిగిన చోట కొత్తది వేసి అసలు ఇంజనును నిలబెట్టడం మరమ్మతు, ఇంజనునే తీసేసి మరొకటి పెట్టడం మార్పిడి. ఆ తేడాను నేను వదులుకోలేను.

బరంపురం సభ్యుడు:
ఇంజను కంటే ముందు బాడీని చూడండి. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. మా గోపాలపురం వైపు ఉప్పుగాలికి తలుపుల కింది రేకు లోపలి నుండి తినేసిన కార్లను, పైన పుట్టీ పూసి, రంగు వేసి అమ్మినవారున్నారు. అక్కడ రేకు పోయి ఉంటే ఏ ఇంజను వేసినా డబ్బు వృథాయే. పెట్రోలు గొట్టాలు, పంపులోని రబ్బరు డయాఫ్రం కూడా మార్పించండి, ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు ఆగదు. ఇక ఇంజను విషయానికొస్తే, కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడిని కొలవడం) చేయించి, తర్వాత ప్రతి సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులో, సిలిండర్ బోరో అరిగినట్లు. పెరగకపోతే వాల్వులను అనుమానించాలి.

పర్లాకిమిడి వాసి:
ముందుగా కారును జాకీల మీద ఎక్కించి, కింది రేకును సుత్తితో తట్టి చూస్తాము. ఆ తర్వాతే కంప్రెషన్ పరీక్ష. అంకెలు రాగానే ఇక్కడ ఉంచుతాను.