ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) మాత్రలు తగ్గించే విషయమై సలహా కావాలి

కనిగిరి వైపు కీళ్లనొప్పులు ఎవరికి వచ్చినా ఫ్లోరైడ్ నీళ్ల మీదికే నెట్టేయడం మామూలు కనుక, మా నాన్నగారు కూడా అలాగే అనుకొని, ఊళ్లో ఆర్‌ఎంపీ కాగితం పొట్లంలో కట్టి ఇచ్చిన తెల్లమాత్రలను చాలాకాలంగా రోజూ వేసుకుంటున్నారు. మంచం దిగలేని మనిషి రెండు మూడు రోజుల్లోనే పొలానికి నడవడంతో ఇంటిల్లిపాదికీ వాటిపై గురి కుదిరింది. ఇటీవల ఒంగోలులో చూపించగా అవి ప్రెడ్నిసొలోన్ అనీ, జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (శరీర రోగనిరోధక శక్తే కీళ్లపై దాడిచేసే కీళ్లవాతం) అనీ తేలింది.

ఇప్పుడు ఆయన ముఖం గుండ్రంగా ఉబ్బింది. ముంజేతి చర్మం పలచబడి, చెంబు అంచు తగిలినా కమిలిపోతోంది. మునుపు లేని షుగరు కనిపించింది. ఈ మందు ఎక్కువకాలం వాడితే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు, ఒంటికి అవసరమైన కార్టిసాల్ అనే హార్మోన్‌ను సొంతంగా తయారుచేయడం తగ్గిస్తాయనీ, హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చనీ చెప్పి, డాక్టరుగారు మోతాదు మెల్లగా తగ్గిస్తూ, ఆ కీళ్లవాతాన్ని అదుపులో పెట్టే మెథోట్రెక్సేట్ అనే మందును వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోమన్నారు. నాన్నగారేమో ఒక్కసారే మానేస్తానంటున్నారు. ఉబ్బసమున్న మా మేనత్తకు పీల్చే మందులో ఇదే జాతి మందు మేలు చేస్తోందన్నా వినిపించుకోరు.

ఇలా తగ్గించుకున్నవారు, మధ్యలో నొప్పులు తిరగబెడితే ఏం చేశారో, జ్వరమో వాంతులో వచ్చిన రోజుల్లో మోతాదు విషయమై మీ వైద్యులు ఏమన్నారో, ఈ మందు ఎముకలను బలహీనపరుస్తుంది గనుక ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడు చేయించారో దయచేసి తెలియజేయగలరు. నెల్లూరులో నమ్మకమైన రుమటాలజిస్టు (కీళ్లవాతాల నిపుణులు) ఎవరైనా ఉంటే అదీ చెప్పండి.