వేలు పడిన వచనమే దేవుని జవాబా?

ప్రశ్న: ఉద్యోగం మారాలా వద్దా అని ప్రార్థించి, కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి, వేలు పడిన వచనాన్నే జవాబుగా తీసుకోవచ్చా?

జవాబు 1: వద్దండీ. ఆ మాట ఎవరితో, ఏ సందర్భంలో చెప్పిందో తెగిపోతుంది, మన కోరికే దేవుడి మాటలా వినిపిస్తుంది. ఒకే పుస్తకం పట్టుకుని రోజుకో అధ్యాయం వరుసగా చదవండి. అడిగిన సంగతి తేదీతో సహా రాసుకోండి. కీర్తన 119:105లో వాక్యం పాదాలకు దీపం. దీపం వెలుగు రెండడుగుల మేరకే కదా, ఈరోజు చేయాల్సింది అడగండి.

జవాబు 2: చాలామంది గిద్యోను గొఱ్ఱెబొచ్చును చూపిస్తారు, అంటే రాత్రి నేలమీద బొచ్చు పరచి, మంచు దానిమీద పడితే దేవుని గుర్తుగా తీసుకుంటానన్న సంగతి. కానీ న్యాయాధిపతులు 6:14లోనే దేవుడు మిద్యానీయుల మీదికి వెళ్లమన్నాడు, బొచ్చు సంగతి 36వ వచనం నుంచి. అంటే దారి తెలియక కాదు, ధైర్యం చాలక అడిగిన గుర్తు అది.

జవాబు 3: అసలు అడగకపోవడమే ఎక్కువ ప్రమాదం. యెహోషువ 9లో దగ్గరి ఊరివాళ్లయిన గిబియోనీయులు దూరదేశం నుంచి వచ్చామని నటించారు; వాళ్ల ఎండిన రొట్టెలు చూసి, ఇశ్రాయేలీయులు దేవుణ్ణి అడగకుండానే ఒప్పందం చేసుకున్నారు. కళ్లెదుట తేటగా ఉన్నదానికే మనం ప్రార్థన మానేస్తాం.

ప్రశ్న అడిగినవారు: మరి తలుపు మూసుకుపోతే?

జవాబు 1: పౌలుకు బితూనియ అనే ప్రాంతానికి వెళ్లే దారి మూసుకుపోయింది (అపొ. కార్యములు 16:7). ఆగిపోకుండా త్రోయ పట్టణానికి వెళ్లాడు, మాసిదోనియకు వచ్చి సాయం చేయమని పిలిచిన మనిషి దర్శనం అక్కడే వచ్చింది.