టోనీ సార్గ్ బొమ్మల పుస్తకం: పేలిపోయిన బెలూన్ల పేజీ ఉంచాలా?

అట్టముక్క: న్యూయార్క్‌లో మేసీస్ అనే పెద్ద దుకాణం వాళ్లు జరిపే ఊరేగింపుకి పెద్ద పెద్ద బెలూన్లు రూపొందించిన బొమ్మలాట కళాకారుడు టోనీ సార్గ్ మీద 32 పేజీల పిల్లల పుస్తకం, నమూనా పెట్టాను. 1928లో ఊరేగింపయ్యాక వదిలేస్తే బెలూన్లు గాల్లోనే పేలాయి. ఆ పేజీ తీసేద్దామనుకుంటున్నా. ఏమంటారు?

దారపుండ: ముందు 14వ పేజీ దిద్దండి. 1927 బెలూన్ హీలియంతో తేలుతున్నట్టు వేశారు. ఆ ఏడు మామూలు గాలే, కర్రల మీద మోశారు. హీలియం 1928లో.

అట్టముక్క: దిద్దుతాను. నేనడిగింది అది కాదు.

దారపుండ: అదే! దారాల బొమ్మకి ఆడించేవాడు పైన, బొమ్మ కింద. సార్గ్ దాన్ని తిరగేశాడు: బెలూన్ బొమ్మ పైన, ఆడించేవాళ్లు కింద. కానీ మన తోలుబొమ్మని వెదురుబద్ద పట్టుకుని కింది నుంచే ఆడిస్తారాయె, మన పిల్లలకి ఇందులో వింతేం తోస్తుంది? ముందొక పేజీ నిండా దారాల బొమ్మ, పైన చేతులు కనబడాలి. తర్వాతే కర్రలు.

చెరుకుతోట: +1. ఆ పేజీ పుస్తకం నిలువుగా తిప్పి చూసేలా వేయండి.

పలక: పేలితే ఏం? పైకెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి హీలియం ఉబ్బుతుంది. నిండా బిగించిన బెలూన్‌లో ఉబ్బడానికి చోటేది? మరుసటేడు గ్యాస్ మెల్లగా వదిలే వాల్వు పెట్టారు. కిందపడిన బెలూన్ దొరికినవాళ్లు తిరిగిచ్చేస్తే బహుమతి కూడా. పిల్లలకి నచ్చే భాగమే అది.

అట్టముక్క: వాల్వు "పెట్టారు" అంటే ఎవరని అడుగుతారు పిల్లలు. సార్గే అని రాస్తే పోలా?

దారపుండ: దొరికారు! బెలూన్లు తయారైంది ఒహాయోలో, ఆక్రన్ ఊళ్లో, గుడ్‌ఇయర్ అనే టైర్ల కంపెనీ వాళ్ల దగ్గర. మీకు హీరో ఒక్కడే ఉండాలి, వాడు ఓడకూడదు. అందుకే పేలుడు వద్దు, కర్రలూ లేవు, మోసినవాళ్లూ లేరు. ఊరేగింపు పేజీలో కూడా ముఖం గీసింది సార్గ్‌కే, మిగతావన్నీ టోపీలు!

అట్టముక్క: జీవితచరిత్ర అండీ ఇది! ఆరేళ్ల పిల్లకి పట్టుకోవడానికి ఒక ముఖం కావాలి, హాజరుపట్టీ కాదు. చిన్నప్పుడు మంచం మీంచి తాడు లాగి కోళ్లగూడు తలుపు తెరిచిన పిల్లాడు, ఆ సార్గే, చివరిదాకా నడవాలి. అదే పుస్తకం.

దారపుండ: నడవనీండి. పక్కన నలుగురు నడిస్తే మీ పిల్లాడికేం తగ్గదు.

పలక: ఆ కోళ్ల పేజీలో కప్పీ ఏది? తాడు గోడలోంచి దూరిపోతోంది.