అప్‌డేట్: వంపు పలకలో ప్రతిబలం ఎందుకు వస్తోందో తెలిసింది

పోయిన వారం నేను అడిగిన ప్రశ్న ఇది. బయట జిర్కోనియా (ఒక సిరామిక్), లోపల అల్యూమినియం, మధ్యలో క్రమంగా మారే మిశ్రమం. ఇలాంటి వంపు పలకను ఏ అంచూ బిగించకుండా అంతటా సమానంగా వేడిచేసినా, నా ప్రోగ్రాం ప్రతిబలం (పదార్థం లోపల పుట్టే ఒత్తిడి) చూపిస్తోంది. తప్పు ఎక్కడ?

ఆ లెక్కలో తప్పు లేదు! అల్యూమినియం వ్యాకోచ గుణకం (వేడికి ఎంత సాగుతుందో చెప్పే అంకె) జిర్కోనియాకు రెండింతలకు పైనే. పొరలు ఒకదాన్నొకటి లాగుతాయి. చదును పలకైతే వంగి కొంత తప్పించుకుంటుంది. ముందే వంపు ఉన్నదానికి ఆ స్వేచ్ఛ తక్కువ. మీలో కొందరు సలహా ఇచ్చినట్లు పలకను నిలువునా కోసినట్లు ఊహించి, ఆ కోత మీది బలాలన్నీ కలిపి చూశాను. మొత్తం దాదాపు సున్నా, అంటే లోపలి లాగుడూ నెట్టుడూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయి. మొత్తం జిర్కోనియాగా మార్చితే ప్రతిబలమే మాయం.

అయితే అసలు పొరపాటు రెండో లెక్కలో బయటపడింది. ఒక వైపే వేడిచేసినప్పుడు మందం వెంట ఉష్ణోగ్రతను సరళరేఖగా తీసుకున్నాను. అల్యూమినియం వేడిని జిర్కోనియా కంటే దాదాపు వంద రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది, కాబట్టి తగ్గుదల ఎక్కువగా సిరామిక్ వైపే జరగాలి. ఉష్ణవహన సమీకరణం (వేడి ఎలా ప్రవహిస్తుందో చెప్పేది) విడిగా సాధించి మళ్లీ నడుపుతున్నాను. నల్లగొండ మే నెల ఎండలో నా పాత లాప్‌టాప్‌కూ ఉష్ణ ప్రతిబలమే. రాత్రిపూటే నడపాల్సి వస్తోంది.