లింకిన్ పార్క్ కొత్త ఆల్బమ్: మారింది గొంతా, పాటా?

అనంతపురం నుంచి:
2003లో ఇక్కడి ఇంజనీరింగ్ హాస్టల్లో, సీనియర్ ఒకరు బెంగళూరు నుంచి తెచ్చిన సీడీలో లింకిన్ పార్క్ ఆల్బమ్ 'మిటియోరా' విన్ననాటి నుంచి నేను ఈ అమెరికన్ రాక్ బృందాన్ని విడిచిపెట్టలేదు. 2017 జూలైలో గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ మరణించాక ఇక కొత్త పాటలు రావనే అనుకున్నాను. ఏడేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరులో, ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను గాయనిగా పరిచయం చేసి, నవంబరులో కొత్త ఆల్బమ్ 'ఫ్రమ్ జీరో' విడుదల చేశారు. ఎన్నిసార్లు విన్నా ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఆమె గొంతులో సత్తువ ఉంది, కాదనను. అయినా పల్లవి ఎత్తుకున్న ప్రతిసారీ నా చెవి మరొకరి గొంతు కోసం ఎదురుచూస్తోంది. చెస్టర్ లేని బృందానికి ఆ పాత పేరే ఉంచడం న్యాయమేనా?

కడప నుంచి:
పేరు సంగతే అయితే, 1996లో కాలిఫోర్నియాలో మొదలైనప్పుడు ఈ బృందం పేరు 'జీరో', అప్పటి గాయకుడు మార్క్ వేక్‌ఫీల్డ్. కొత్త ఆల్బమ్ పేరులో వినిపించేది ఆ తొలి పేరే. చెస్టర్ 1999లో వచ్చి చేరాడు. అంటే మీరు చెస్టర్‌దే అనుకుంటున్న స్థానంలోకి ఆయన కూడా రెండోవాడిగానే వచ్చాడు. మన ఊళ్లలో చెక్కభజన గురువు మారినంత మాత్రాన బృందం పేరు మార్చమని ఎవరూ అడగరు కదా. అన్నట్టు, డ్రమ్మర్ రాబ్ బోర్డన్ కూడా తిరిగి రాలేదు, ఆయన స్థానంలో కాలిన్ బ్రిటన్ వాయిస్తున్నాడు. ఆ మార్పు ఎవరికీ బాధ కలిగించినట్టు లేదు.

కర్నూలు నుంచి:
మీ ఇద్దరితోనూ నేను ఏకీభవించలేను. 2007లో ర్యాప్ తగ్గించారు, 2010లో 'ఎ థౌజండ్ సన్స్'తో ఎలక్ట్రానిక్ ధ్వనుల వైపు వెళ్లారు, 2017 మేలో వచ్చిన 'వన్ మోర్ లైట్' దాదాపు పాప్ సంగీతమే. ప్రతిసారీ మనం సణిగాం, నేను మరీ ఎక్కువగా సణిగాను; కానీ చేసిందే మళ్లీ చేయకపోవడం వల్లనే నాకు వారిపై గౌరవం పెరిగింది. ఇప్పుడు సుమారు 32 నిమిషాల్లో ముగిసే ఈ 11 ట్రాకుల ఆల్బమ్‌లో చాలాచోట్ల వినిపించేది బృందంలోని మైక్ షినోడా ర్యాప్, ఆ వెంటనే ఉరిమే గిటార్లు, ఆపై గొంతెత్తి అరిచే పల్లవి, అంటే 2000 నాటి వారి తొలి ఆల్బమ్ అచ్చే. చెస్టర్ కొలతలకు కుట్టిన చొక్కాను ఆమెకు తొడిగారు. అనంతపురం మిత్రుల చెవి చెస్టర్‌ను వెతుక్కోవడానికి కారణం ఆమె గొంతు కాదు, ఆ కుట్టు.

కడప నుంచి:
ఏడేళ్లు మౌనంగా ఉన్నవారు తొలి అడుగు తెలిసిన దారిలో వేయడం తప్పని నేను అనుకోను. రెండో అడుగూ అక్కడే వేస్తే అప్పుడు మీ మాట ఒప్పుకుంటాను.

అనంతపురం నుంచి:
కర్నూలు మిత్రుల మాట చదివాక ఆల్బమ్ మళ్లీ మొదటి నుంచి విన్నాను. షినోడా ర్యాప్ లేకుండా ప్రధానంగా ఆమె ఒక్కతే పాడిన 'ఓవర్ ఈచ్ అదర్' దగ్గర మాత్రం నా చెవి ఎవరినీ వెతకలేదు. పేరు గురించిన నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పాత పాటలను ఆమె గొంతులో వినడం మాత్రం ఇంకా నా వల్ల కావడం లేదు.